రెస్టు రూలు

కొత్త కంప్యూటరు అట్టపెట్టెలోంచి బయటికొచ్చిన పొద్దుటే మొండికేసింది.

డిపోలో కంప్యూటరు గది డీజిలు పంపుకి ఆనుకుని ఉంటుంది. అవతల ఎవరైనా బస్సు స్టార్టు చేసి ఇంజను వేడెక్కిస్తుంటే బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. ఆ బల్ల ముందు చిట్టి కూర్చుని, పెన్ డ్రైవులో తెచ్చిన ఫోల్డరుని కొత్త కంప్యూటర్లోకి దింపింది. డ్యూటీలు వేసే ప్రోగ్రాము అందులో ఉంది. ఏ బస్సుకి ఏ డ్రైవరో, ఏ పూటో తేల్చి కాగితం మీద అచ్చేసి ఇచ్చేది అదే. చిట్టి దాని బొమ్మ మీద రెండుసార్లు నొక్కింది. నల్ల కిటికీ ఒకటి రెప్పపాటు తెరుచుకుని మూసుకుపోయింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

ఈసారి నల్ల కిటికీని ముందే తెరిచి పెట్టుకుని, అందులో పేరు టైపు చేసి నడిపించింది. నాలుగైదు వరసలు గబగబా పడ్డాయి. ఆఖరి వరసలో ఉంది అసలు సంగతి. డ్యూటీల నియమాలు రాసిపెట్టిన రూల్స్ అనే మాడ్యూలు లేదట.

చిట్టి ఫోల్డరు తెరిచింది. రూల్స్ ఎదురుగానే ఉంది. లోపల ఫైళ్ళన్నీ ఉన్నాయి.

"ఏమంటోందమ్మా?" అన్నాడు డ్యూటీ గుమాస్తా. ఆయన ఈ గదికీ పక్కనున్న డ్యూటీ గదికీ మధ్య తలుపులో నిలబడే రోజంతా గడుపుతాడు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు.

"ఉన్నదాన్ని లేదంటోందండీ."

"అయితే మా ఇంటిదే. కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని నేనూ అలాగే ఇల్లంతా తిరుగుతా." ఆయనే నవ్వుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "శుక్రవారానికి అయిపోతుందా? పాతదాన్ని వేరే డిపోకి పట్టుకుపోతారట. మేనేజరు నిన్ననే అడిగాడు."

"అవుతుందండీ."

"అవుతుందని మీ బావ కూడా అనేవాడు" అన్నాడు గుమాస్తా. ఆ మాటలో ఎగతాళి లేదు. జాలే ఉంది. చిట్టికి ఎగతాళే నయమనిపించింది.

ఒక ఫైలులో రాసినదాన్ని ఇంకో ఫైలు పిలిపించుకోవడాన్ని ఇంపోర్టు అంటారు. పిలిచిన పేరు కోసం, ప్రోగ్రాముల్ని నడిపించే పైథాన్ తనకు తెలిసిన చోట్లన్నీ వరసగా వెతుకుతుంది. దొరికిన చోట ఆగుతుంది. ఎక్కడా దొరక్కపోతే లేదని చెప్పి చేతులు దులుపుకుంటుంది. చిట్టికి ఇదంతా తెలుసు. తెలిసినవన్నీ చేసింది. రూల్స్ ఫోల్డర్లో ఉండాల్సిన ఖాళీ ఫైలు ఉందో లేదో చూసింది. ఉంది. పైథాన్‌ని తీసేసి మళ్ళీ ఎక్కించింది. ఫోల్డరుని చెరిపి మళ్ళీ దింపింది. ఎలా తిప్పినా ఆఖరి వరస మారలేదు.

చోటు ఫలానా అని ఒక వరస రాసి పడేస్తే కదులుతుంది. అదీ తెలుసు. కానీ పాత కంప్యూటర్లో ఆ వరస లేదు. అదే ఫోల్డరు, అవే ఫైళ్ళు, అక్కడ ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. ఎందుకు నడుస్తున్నాయో తెలియకుండా ఇక్కడ నడిపించడానికి చెయ్యి రాలేదు. ఈ కుర్చీలో ఇంతకుముందు కూర్చున్న బావ, అంతా అయిపోయిందని చెప్పి చెప్పి వెళ్ళిపోవాల్సి వచ్చింది.

కిటికీ ఊచల్లోంచి ఒక పొడవాటి మొహం లోపలికి వంగింది. పొడుగు డ్రైవరు. రాత్రి ఆఖరి బస్సు నడిపి, పొద్దున మొదటి బస్సూ నడిపి, ఇప్పుడే దిగాడు. ఒక కన్ను ఎర్రగా ఉంది. దాన్ని మణికట్టుతో నలుపుకుంటున్నాడు.

"కొత్తది వచ్చిందా?"

"వచ్చిందండీ."

"ఇదొస్తే మాకు రెస్టు వస్తుందన్నారు. రాత్రి బస్సు దిగినోడికి తెల్లారగట్ల బస్సు పడదన్నారు."

"చూస్తున్నానండీ."

"చూడు తల్లీ, చూడు. మీ బావ కూడా తెగ చూశాడు. ఆయన చూస్తుండగానే బొద్దోడు నిద్రమత్తులో బస్సుని గేటు స్తంభానికి కొట్టాడు. కాలు ఇంకా అతుక్కోలేదు. మొన్న చూడ్డానికెళితే, నన్ను చూసి కుళ్ళుకున్నాడు, నీకు కాలుందిరా అని." పొడుగాయన ఊచలు వదిలాడు. "నిన్ననట్లేదులే. నీకింకా చేతులాడుతున్నాయి. ఆడినన్నాళ్ళు ఆడించుకో."

సాయంత్రం దాకా చేతులాడిస్తూనే ఉంది. సాయంత్రం కంప్యూటరు కట్టేసేటప్పుడు కూడా రూల్స్ లేదనే అంది.

* * *

ఇంటికెళ్ళేసరికి అక్క కుట్టుమిషను మీద ఉంది. దిండుగలీబులు. కుట్టినవి ఒక పక్క గుట్టగా, కుట్టాల్సినవి ఇంకో పక్క అంతకంటే పెద్ద గుట్టగా ఉన్నాయి. బావ పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. పార్సిళ్ళ గోదాంలో అట్టపెట్టెలకి టేపు వేసి వేసి వేళ్ళ చివర జిగురు పేరుకుపోతుంది. అది సబ్బుతో పోదు. గోడకేసి గీకుతున్నాడు.

"ఏమే, కొత్తది దారిలోకొచ్చిందా?" అంది అక్క, సూది మీదనుంచి కళ్ళెత్తకుండా.

"రాలేదు. ఎదురుగా ఉన్న ఫోల్డర్ని లేదంటోంది."

"అది ఆ కుర్చీ గుణమేమో." అక్క చక్రం తిప్పింది. "మీ బావకి లేనిది ఉన్నట్టు కనబడేది. నీకు ఉన్నది లేనట్టు. ఇద్దరూ కలిసి కూర్చుంటే ఒక మనిషి ఉద్యోగం చెయ్యొచ్చు."

బావ విననట్టే వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. అన్నాలు తినేటప్పుడు చిట్టి ఉండబట్టలేకపోయింది.

"బావా, పాత కంప్యూటర్లో రూల్స్‌ని ఏ చోటునుంచి తీసుకునేలా పెట్టావు?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "నేనేం పెట్టలేదు. పక్కనే ఉంటుందిగా, తీసుకుంటుంది."

"కొత్తదాంట్లో తీసుకోవట్లేదు."

"నన్నడక్కు చిట్టీ." బావ గొంతు మామూలుగానే ఉంది. "నేను చెప్పింది చేస్తే నీదీ పోద్ది."

"చెప్పనీ, ఒక్కమాటు చూస్తే నీ సొమ్మేం పోద్ది?" అంది అక్క.

"చూశాను కదే. ఎన్నిసార్లు చూశానో. నా బల్ల మీది కంప్యూటర్లో నడిపిస్తే రాత్రి దిగినోడికి పొద్దున పడేది కాదు. సరిగ్గా వచ్చేది. ఆ ఫైలే తీసుకెళ్ళి డ్యూటీ గదిలో కంప్యూటర్లో పెట్టేవాడిని. పెట్టి, తెరిచి, వరస వరసా చదివేవాడిని. నేను రాసిందే ఉండేది. తెల్లారి బోర్డు మీద కాగితం చూస్తే మళ్ళీ అదే తప్పు." కంచంలో వేలితో ఒక గీత గీశాడు. "సరిగ్గా ఉందని నాకనిపించడమే తప్పన్నమాట. ఇప్పుడు పార్సిలు మీద అడ్రసు కూడా పైకి రెండుసార్లు చదివి గంపలో వేస్తున్నా. పక్కనోళ్ళు నవ్వుతారు. నవ్వనీ."

ఈ ఇంట్లో ఒకప్పుడు అన్నాల దగ్గర బావ గొంతే వినిపించేది. చిట్టిని మరదలా అని పిలిచి, నీకు కాబోయేవాడు నిన్న నా కలలోకొచ్చి ఏడ్చాడు అని మొదలుపెడితే, అక్క చేతిలో గరిటె జారేదాకా నవ్వించేవాడు. ఇప్పుడు తినేసి, కంచం తీసి, తనే కడుక్కుని, మంచినీళ్ళ కుండ మీద మూత సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసి పడుకున్నాడు.

* * *

మర్నాడు గుమాస్తాని బతిమాలి చిట్టి డ్యూటీ గదిలో పాత కంప్యూటరు ముందు కూర్చుంది. దాని ఫ్యాను గిలక్కాయలా మోగుతోంది.

"పది నిమిషాలమ్మా. మేనేజరొస్తే నన్ను తింటాడు. ఇది ముట్టుకోవడానికి మీ బావకి కూడా వీలిచ్చేవాడు కాదు. ఫైలు పెట్టుకో, పో అనేవాడు."

చిట్టి దాంట్లో ఏమీ మార్చలేదు. ఒక్కటే అడిగింది. రూల్స్‌ని పిలిచి, నిన్ను ఏ చోటునుంచి తెచ్చారని అడిగే ఒక వరస రాసి నడిపించింది.

జవాబు వచ్చింది. చదివింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది.

అది ప్రోగ్రాము ఫోల్డరు కాదు. అది పైథాన్ సొంత చోటు. బయటినుంచి ఎక్కించిన సామాన్లన్నీ పోగుపడే గది లాంటిది. అందులో ఇంకో రూల్స్ ఉంది. చిట్టి దాన్ని తెరిచింది. తేదీ చూసింది. డిపోలో ఈ కంప్యూటరు మొదటిసారి పెట్టిన నాటిది. బావ రెస్టు రూలు రాయడానికి చాలా ముందుది. పైనుంచి కిందిదాకా వెతికింది. రెస్టు అనే మాటే లేదు.

కుర్చీ దగ్గరికి లాక్కుని రెండు ఫోల్డర్లూ పక్కపక్కన తెరిచింది.

బొమ్మ మీద నొక్కితే నడిచే ఫైలు లోపలి ఫోల్డర్లో ఉంటుంది. రూల్స్ దానికి ఒక మెట్టు పైన ఉంటుంది. పైథాన్ ముందు లోపలి ఫోల్డర్లో వెతుకుతుంది. అక్కడ ఉండదు. మెట్టెక్కి పైన చూడటం దాని అలవాటు కాదు. నేరుగా సొంత చోటుకి పోతుంది. అక్కడ పాత కాపీ దొరికింది. ఆగిపోయింది. బావ తన బల్ల మీద పై ఫోల్డర్లో నిలబడి నడిపించేవాడు కాబట్టి అక్కడ అసలుది దొరికేది. ఇక్కడ ఆయన ఎన్నిసార్లు కొత్త ఫైలు పెట్టినా, తెరిచి వరస వరసా చదివినా, అది అక్కడ కూర్చునే ఉంది గాని ఒక్క పూటా నడవలేదు. కొత్త కంప్యూటర్లో పాత కాపీ ఎవరూ ఎక్కించలేదు. అందుకే అది లేదని ఉన్నమాట చెప్పింది.

"ఇది ఎవరు ఎక్కించారండీ?" తెర మీద వేలు పెట్టి అడిగింది చిట్టి.

గుమాస్తా వంగి చూశాడు, ఏమీ అర్థం కాలేదు. "మొదట్లో కంప్యూటర్లమ్మే కంపెనీ మనిషొకాయన వచ్చి అన్నీ ఎక్కించి పోయాడు. మీ బావ ఆ వారం ఊళ్ళో లేడు. ఎందుకు?"

అప్పటికే చిట్టి లేచింది. కొత్త కంప్యూటరు దగ్గరికి పరిగెత్తింది. బొమ్మ నొక్కితే పై ఫోల్డర్లోంచే మొదలయ్యేలా ఆ ఒక్క వరసా మార్చింది. నొక్కింది. కిటికీ తెరుచుకుంది. మూసుకోలేదు. ప్రింటరు గరగరమంది. బావ రాసిన రూలులో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

వేడివేడి కాగితం మీద వేలు పెట్టి ఒక్కో పేరూ చూసింది. రాత్రి ఆఖరి బస్సు పొడుగాయనది. పొద్దున మొదటి బస్సుల్లో పొడుగాయన పేరు లేదు. తర్వాతివాడిదీ లేదు. ఎవరిదీ లేదు.

"కింద మూడు బళ్ళకి పేర్లు లేవేంటి?" అన్నాడు గుమాస్తా, కళ్ళజోడు ఎత్తి పట్టుకుని.

"అవి సర్దుకోవచ్చండీ" అంది చిట్టి. ఆమె వాటిని చూడను కూడా లేదు.

* * *

ఆ సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి బావ ముందు పెట్టి కూర్చుంది. పాత కాపీ, కొత్త కాపీ రెండూ తెచ్చింది. డిపోలో ఎలా ఉన్నాయో అలాగే రెండు చోట్ల పెట్టి చూపించింది. మొదట బావ పక్కకి తిరిగి కూర్చున్నాడు. తర్వాత మెడ తిప్పాడు. తర్వాత మనిషంతా తిరిగాడు.

"ఆ జవాబు మళ్ళీ రప్పించు" అన్నాడు.

రప్పించింది. ఆయన పైకి చదివాడు. ఒక్కో ఫోల్డరు పేరూ విడివిడిగా, పార్సిలు అడ్రసు చదివినట్టు.

"మళ్ళీ."

మళ్ళీ రప్పించింది.

జిగురంటిన వేలు తెర మీద ఆనించి, ఆ వరస చివరిదాకా లాక్కుంటూ పోయాడు. వేలు తీశాక తెర మీద మరక మిగిలింది. "ఎక్కడినుంచి వచ్చావని నేను దాన్ని అడగలేదు" అన్నాడు. "ఫైలు తెరిచి చూశానే గాని, దాన్నడగలేదు. అక్కడుంది కదా, అదే నడుస్తుందనుకున్నా."

"ఎవరైనా అదే అనుకుంటారు బావా. నీ రూలు తప్పు కాదు. ఒక్క అక్షరం మార్చలేదు నేను."

కుట్టుమిషను ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. టీ పెట్టి తెచ్చింది. బావ గ్లాసులో సగం పోసి వెళ్ళబోయి, వెనక్కి వచ్చి నిండా పోసింది. అంచు దాటి కింద పడింది. తుడవలేదు.

"ఇన్నాళ్ళూ నేనెన్ని మాటలన్నాను" అంది, గోడ వైపు చూస్తూ.

"కొన్ని బాగానే ఉండేవి" అన్నాడు బావ. "ఆ ఇద్దరూ కలిస్తే ఒక మనిషి ఉద్యోగం మాట నేను గోదాంలో కూడా చెప్పా. పడీపడీ నవ్వారు."

అక్క ముక్కు చీదింది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"మరదలా" అన్నాడు బావ. ఆ పిలుపు విని చిట్టి తలెత్తడానికి జంకింది. "బోర్డు మీద ఎప్పుడు పెడతారు?"

"శుక్రవారం డ్యూటీల కాగితం రేపు సాయంత్రం అంటిస్తారు. కొత్త కంప్యూటర్లోంచే."

"శుక్రవారం పొద్దుటే వచ్చి చూడొచ్చా? గోదాంలో ఒక పూట అడుగుతా. నేనెవరితోనూ మాట్లాడను. చదువుకుని వచ్చేస్తా."

"మాట్లాడు బావా. నువ్వే మాట్లాడాలి."

* * *

మేనేజరు మంచి మనిషనే చెప్పాలి. మర్నాడు చిట్టి చెప్పిందంతా పూర్తిగా విన్నాడు. మధ్యలో ఫోను మోగితే తియ్యలేదు. అర్థం కానిచోట ఆపి అడిగాడు.

"అంటే మీ బావ రాసింది సరైనదే."

"సరైనదే సార్. నడవలేదంతే."

"శభాష్" అన్నాడు. ఎవరికన్నాడో తెలియలేదు. కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పైనుంచి కిందికి వచ్చిన వేలు ఆఖర్న ఆగింది. "ఈ మూడు బళ్ళకి డ్రైవర్లేరీ?"

"అందరికీ రెస్టు ఇస్తే అంతే మిగిలారు సార్. ఇంకొందరిని..."

"ఇవ్వరు. రెండేళ్ళుగా అడుగుతున్నా." కాగితాన్ని తిప్పి చిట్టి ముందుకి తోశాడు. "తెల్లారగట్ల బస్సు ఆగిపోతే ఏమవుతుందో తెలుసా? ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళు, కూరగాయలు మోసేవాళ్ళు, స్టేషనుకెళ్ళేవాళ్ళు, అందరూ నా పీక మీద కూర్చుంటారు. పైవాళ్ళు ఫోన్ చేస్తారు. డ్రైవరుకి నిద్ర చాల్లేదనుకో, ఎవరూ ఫోన్ చెయ్యరు."

"ఒకాయన కాలు విరిగింది సార్."

"విరిగింది. నేనే ఆస్పత్రిలో చేర్పించా." ఆయన ఆ మాట నెమ్మదిగానే అన్నాడు. "చూడమ్మా, పాత కంప్యూటర్లో ఏది నడుస్తోందో అదే ఇందులో ఎక్కించు."

"అది తప్పు కాపీ సార్."

"తప్పు కాపీతో బళ్ళన్నీ కదిలాయి కదా."

చిట్టి కాగితం ముట్టుకోలేదు. "మరి మా బావని ఎందుకు తీసేశారు సార్? రూలు నడవలేదనే కదా?"

"రూలు నడవలేదని కాదు. నడుస్తోందని డ్రైవర్లకి చెప్పాడు. వాళ్ళు నమ్మారు. ప్రమాదమయ్యాక ఎవరో ఒకరు జవాబు చెప్పాలి." మేనేజరు కళ్ళు నలుపుకున్నాడు. ఆయనకీ నిద్ర లేనట్టుంది. "నిజం చెప్పాలంటే, అది అప్పుడు నడిచుంటే ఇప్పుడు నీకు చెప్పిందే ఆయనకీ చెప్పేవాడిని. దానంతట అదే నడవలేదు కాబట్టి చెప్పాల్సిన పని పడలేదు."

"నేను ఎక్కించకపోతే?"

"ఇంకొకరు ఎక్కిస్తారు. ఒక్క వరస పనేనని నువ్వే చెప్పావుగా." కసురుకోలేదు, బెదిరించలేదు. కాగితాలు సర్దుకుంటూ అన్నాడు. "మీ ఇంట్లో ఒక ఉద్యోగం ఇప్పటికే పోయింది. నా చేత రెండోదానిమీద సంతకం పెట్టించకు."

గదిలోకి వచ్చాక చిట్టి చాలాసేపు ఊరికే కూర్చుంది. ఇంట్లో అక్క కుట్టే గలీబులు గుర్తొచ్చాయి. తర్వాత పెన్ డ్రైవు పెట్టి పాత కాపీని దింపింది. పైథాన్ సొంత చోటులోకి ఎక్కించమని ఒక వరస రాసింది. మార్చిన వరసని మళ్ళీ మొదటికి తెచ్చింది. ఎక్కడం పూర్తయిందని తెర మీద వచ్చింది. బొమ్మ నొక్కింది. కిటికీ తెరుచుకుంది. రూల్స్ లేదని ఈసారి అనలేదు. రెండు రోజులుగా చిట్టి రప్పించాలని చూసింది అదే.

ప్రింటరు గరగరమంది. మూడు ఖాళీలూ నిండాయి.

"అమ్మయ్య, అన్ని బళ్ళకీ మనుషులొచ్చారు" అన్నాడు గుమాస్తా, కాగితానికి జిగురు రాస్తూ. పేర్లు చదివి నోరు మూసుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి బావ గడ్డం గీసుకుంటున్నాడు. అక్క ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. మడత సరిగ్గా రాలేదని మళ్ళీ నీళ్ళు చల్లింది. "ఏమే, అంటించారా?" అంది.

"అంటించారు" అంది చిట్టి.

తలనొప్పిగా ఉందని చెప్పి దుప్పటి కప్పుకుంది. అవతల గదిలో బావ అక్కకి రెస్టు రూలు ఎలా రాశాడో వివరిస్తున్నాడు. అక్కకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. ఊఁ కొడుతూనే ఉంది.

* * *

తెల్లారుతుండగా డిపోలో బస్సుల అద్దాల మీద మంచు తుడుస్తున్నారు. చిట్టి దారిపొడుగునా చెప్పాలనుకుంటూనే వచ్చింది. బావ ముందు ముందు నడిచాడు. ఆయన అంత వేగంగా నడవడం ఈ మధ్య చూడలేదు. గేటు దగ్గర కొత్తగా కట్టిన స్తంభాన్ని చూసి క్షణం ఆగి, చెయ్యి వేసి, లోపలికి వచ్చాడు.

బోర్డు దగ్గర ఇద్దరు ముగ్గురు డ్రైవర్లున్నారు. బావని గుర్తుపట్టి ఒకడు పక్కకి జరిగాడు, ఒకడు జరగలేదు. బావ మెడ చాచి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. నిన్న రాత్రి వరస చూశాడు. ఇవాళ పొద్దుటి వరస చూశాడు. వేలు వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకొచ్చింది. పైకి చదివాడు. రెండుసార్లు చదివాడు.

పొడుగాయన రాత్రి ఆఖరి బస్సులో ఉన్నాడు. పొద్దున మొదటి బస్సులో ఉన్నాడు.

బావ వేలు కాగితం మీదే ఉండిపోయింది. చిట్టి వైపు తిరిగిన మొహంలో కోపం లేదు. చిన్నపిల్లాడు లెక్క తప్పినప్పుడు పంతులు వైపు చూసినట్టుంది. "చిట్టీ, మొన్న మనం చూసింది..." అన్నాడు. "నేనే సరిగ్గా చూళ్ళేదా?"

ఊఁ అంటే చాలు. ఉద్యోగం ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు. బావ ఇంటికెళ్ళి చొక్కా విప్పి గోదాంకి వెళ్ళిపోతాడు. మళ్ళీ ఎప్పటికీ ఏదీ అడగడు.

"నువ్వు సరిగ్గానే చూశావు బావా" అంది చిట్టి. గొంతు బోర్డు దాటి వినబడింది. "నీ రూలు నడిచింది. మొన్న ఇక్కడే నడిచింది. రెస్టు ఇస్తే మూడు బళ్ళకి మనుషులు చాల్లేదు. నిన్న పాతదే మళ్ళీ ఎక్కించమన్నారు. నేనే ఎక్కించాను."

డ్యూటీ గది తలుపులో గుమాస్తా రెండు కాళ్ళూ అటువైపుకి తీసుకున్నాడు.

పొడుగాయన అప్పుడే రెస్టు రూములోంచి వచ్చాడు. చెంప మీద బెంచీ చారలు. విన్నాడు. "అంటే బొద్దోడప్పుడు కూడా..." అన్నాడు.

"అప్పుడూ ఆయన రాసింది సరిగ్గానే ఉంది" అంది చిట్టి.

పొడుగాయన బావని ఎగాదిగా చూశాడు. తిడతాడనుకుంది. తిట్టడానికి కూడా ఓపిక కావాలి. "మరి మేం నీ మొహాన ఉమ్మినప్పుడు చెప్పలేదేంటయ్యా?" అన్నాడు.

"నాకూ తెలీదు" అన్నాడు బావ.

"టైమైంది బాబూ" అని లోపల్నుంచి గుమాస్తా సన్నగా అన్నాడు. పొడుగాయన మేకుకి తగిలించిన తాళంచెవి తీసుకున్నాడు. నడుస్తూ ఒకసారి తూలి, బస్సు రేకు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. బావ అది చూశాడు. వెనకే వెళ్ళి తనూ ఎక్కాడు.

"నువ్వెక్కడికి?"

"ఇది ఎక్కడికెళ్తే అక్కడికి. నీ వెనక సీట్లో కూర్చుంటా. నీతో మాట్లాడుతుంటా."

"మాట్లాడటం వచ్చా నీకు?"

"వచ్చు. కాస్త అలవాటు తప్పింది."

"టిక్కెట్టు కొనాలి మరి" అన్నాడు పొడుగాయన, సీట్లోకి జారుతూ.

ఇంజను మోగింది. గోదాంలో అడిగిన సెలవు ఒక్క పూటే. ఈ బస్సు తిరిగొచ్చేసరికి ఆ పూట దాటుతుంది. బావకి అది గుర్తుందో లేదో. బస్సు గేటు దాటుతుంటే వెనక అద్దంలోంచి ఆయన ముందుకి వంగి, చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం కనబడింది. పొడుగాయన తల కొంచెం పక్కకి వంచి ఉంది. వింటున్నాడో, వాలుతోందో దూరాన్నుంచి తెలియలేదు.

రెండో బస్సు డ్రైవరు సీసాలో నీళ్ళు నెత్తిమీద గుమ్మరించుకుని, తుడుచుకోకుండానే ఎక్కి కూర్చున్నాడు. అతని వెనక సీటు ఖాళీగా ఉంది. ఆ బస్సూ వెళ్ళిపోయింది.

పైన మేనేజరు గదిలో లైటు వెలిగింది. "అమ్మాయ్, సార్ పిలుస్తున్నారు" అన్నాడు గుమాస్తా. చిట్టి కదలలేదు. మూడో బస్సు డ్రైవరు ఇంకా రాలేదు. గుమాస్తా వెళ్ళి రెస్టు రూము తలుపు కొట్టాడు. ఆగి, మళ్ళీ కొట్టాడు. వస్తున్నా అని లోపల్నుంచి వినిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.